ఎడమ సీట్లో కూర్చున్నవాడి పని

ఆంధ్ర నుంచి ఒడిశాలోని కొరాపుట్ వెళ్లే దారిలో సాలూరు దాటి, పి.కోనవలస దగ్గర బస్సు ఘాట్ ఎక్కడం మొదలుపెట్టగానే లోపలున్నవాళ్లు రెండు రకాలుగా తేలిపోతారు. స్టీరింగ్ పట్టుకున్నవాడు ఒక్కడూ ఒక రకం, మిగతా అందరూ ఇంకో రకం. డ్రైవరుకి కడుపులో తిప్పినట్టు ఎవరూ చూసి ఉండరు. వెనక సీట్లో పిల్లాణ్ని ఒళ్లో పెట్టుకున్న తల్లి మాత్రం నాలుగో మలుపుకే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. ఎవరో నిమ్మకాయ అందిస్తారు, ఇంకెవరో కిటికీ తియ్యమంటారు. సుంకి దాటి పొట్టంగి చేరేసరికి బస్సు పక్కన చారలు కనబడతాయి. బస్సు ఒకటే, రోడ్డు ఒకటే, మలుపులూ అవే. డ్రైవరు ఒంటికి పట్టనిది ప్రయాణికుడి ఒంటికే ఎందుకు పడుతుంది? ర్యాలీ కారులో ఎడమ సీటు సంగతి తెలుసుకోవాలన్నా ఈ ప్రశ్న దగ్గరే మొదలుపెట్టాలి.

జవాబు చెవిలో ఉంది. లోపలి చెవిలో మూడు దిక్కులకీ మూడు సన్నని వంపు గొట్టాలుంటాయి, వాటినిండా ద్రవం. తల పక్కకి తిరిగితే గొట్టమూ తిరుగుతుంది గానీ లోపలి ద్రవం ఒక్క క్షణం వెనకబడుతుంది. ఆ వెనకబాటుని పసిగట్టి మెదడుకి చెప్పే సన్నని కణాలున్నాయి. ముందుకీ వెనక్కీ, పైకీ కిందికీ పడే ఊపుని కనిపెట్టడానికి వేరే ఏర్పాటుంది. అది జిగురు పొర మీద పరుచుకున్న సున్నపు పలుకుల పని. కన్ను తన లెక్క తను చెబుతుంది. ముందు సీటు వీపునే చూస్తూ కూర్చున్నవాడికి కన్ను ‘ఏదీ కదలడం లేదు’ అంటుంది, చెవి ‘గిర్రున తిరుగుతున్నాం’ అంటుంది. ఈ రెండు కబుర్లకీ పొంతన కుదరకపోవడం వల్లే వికారం పుడుతుందని శాస్త్రం చాలాకాలంగా చెబుతున్న మాట. ఇందులోనే ఇంకో సంగతి ఉంది, ఇక్కడ మనకి కావలసింది అదే. చెయ్యి స్టీరింగుని తిప్పబోతోందని డ్రైవరు మెదడుకి ముందే తెలుసు. మలుపులో ఒంటికి ఏం జరగబోతోందో అరక్షణం ముందుగానే అంచనా వేసుకుని సిద్ధంగా ఉంటుంది. ప్రయాణికుడికి ఆ అరక్షణం లేదు. మలుపు మీద పడ్డాకే అతనికి తెలుస్తుంది.

భయం కూడా ఆ అరక్షణంలోంచే పుడుతుంది. ఘాట్‌లో డ్రైవరు కన్నా పక్కన కూర్చున్నవాడే ఎక్కువ భయపడతాడు, లేని బ్రేకుని కాలితో తొక్కుతాడు. డ్రైవరుకి ధైర్యం ఎక్కువనీ పక్కవాడు పిరికివాడనీ అనుకోవడం పొరపాటు. తర్వాత ఏం వస్తుందో ఒకడికి తెలుసు, ఇంకొకడికి తెలీదు, అంతే తేడా.

ఇప్పుడు ర్యాలీ కారులో డ్రైవరు పక్కన కూర్చుని దారి చెప్పే కో-డ్రైవరుని చూడండి. మన దేశంలో ఇప్పటికీ చాలామంది నావిగేటర్ అని పాతపేరుతోనే పిలుస్తారు. మన బళ్లకి స్టీరింగ్ కుడివైపు కాబట్టి అతనిది ఎడమ సీటు, ఐరోపా కార్లలో కుడి సీటు. కారు మట్టి మీద అడ్డంగా జారుతూ, గుంటల్లో పడి లేస్తూ పోతుంటే అతను తల దించుకుని ఒళ్లో ఉన్న పుస్తకం చదువుతూ ఉంటాడు. బస్సులో సెల్‌ఫోను చూస్తేనే తల తిరిగే లోకంలో అది పుస్తకం చదివే చోటు కాదు. పైన చెప్పిన లెక్క ప్రకారం మొదటి కిలోమీటరులోనే అతను వాంతి చేసుకోవాలి. చేసుకున్నవాళ్లూ ఉన్నారు.

వాళ్లలో అందరికన్నా పేరున్నవాడు డెనిస్ జెంకిన్సన్. ఇంగ్లండుకి చెందిన పత్రికా రచయిత, పొట్టి మనిషి, ఒత్తైన గడ్డం. 1955 మే 1న ఇటలీలో జరిగిన మిల్లే మిలియా అనే రేసులో స్టెర్లింగ్ మాస్ నడిపిన మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌ఆర్‌లో పక్క సీటు ఆయనది. దాదాపు వెయ్యి మైళ్లు, మామూలు రోడ్ల మీదే, ఊళ్ల మధ్య నుంచే. ఉదయం 7 గంటల 22 నిమిషాలకి బయల్దేరారు కాబట్టి కారు నంబరు 722. అంతకుముందే ఇద్దరూ ఆ దారంతా తిరిగి, ప్రమాదకరమైన మలుపునీ మిట్టనీ రైల్వే గేటునీ రాసుకున్నారు. ఆ రాతనంతా జెంకిన్సన్ ఒక పొడవాటి కాగితపు చుట్టగా చేసి చిన్న అల్యూమినియం పెట్టెలో పెట్టాడు. పెట్టెకి పారదర్శకమైన కిటికీ, పక్కన తిప్పే పిడి. చుట్ట పొడవు సుమారు 18 అడుగులు. పైకప్పు లేని కారులో ఇంజిను హోరుకి మాట వినబడదు కాబట్టి చేతి సైగలు తయారు చేసుకున్నారు. ఏ సైగకి ఎంత వేగంలో వెళ్లాలో మాస్‌కి తెలుసు. దారిలో ఒకచోట జెంకిన్సన్‌కి వాంతి వచ్చి పక్కకి వంగితే గాలి ఆయన కళ్లజోడు లాక్కుపోయింది. జేబులో ఇంకో జోడు ఉండబట్టి సరిపోయింది. 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో ఇద్దరూ గెలిచి వచ్చారు. సగటు వేగం గంటకి 157 కిలోమీటర్లకి పైనే.

ఆ గెలుపులో తరచి చూడాల్సిన సంగతి ఒకటుంది. మిట్ట అవతల ఏముందో కనబడకపోయినా, జెంకిన్సన్ చెయ్యి ‘సూటిగా పో’ అంటే మాస్ కాలు తియ్యకుండా మిట్ట ఎక్కించేశాడు. తన కంటికి కనబడనిదాన్ని పక్కవాడి చేతిలో చూశాడన్న మాట. ఇప్పటి ర్యాలీలో జరిగేదీ అదే. కాగితపు చుట్ట పోయి స్పైరల్ పుస్తకం వచ్చింది, సైగ పోయి హెల్మెట్‌లో ఇంటర్‌కమ్ వచ్చింది.

ర్యాలీ అంటే సర్క్యూట్ రేసు కాదన్నది తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. రేసులో ఒకే వలయంలో అందరూ కలిసి పరుగెడతారు, ప్రతి మలుపూ వందసార్లు తిరిగిన మలుపే. ర్యాలీలో మామూలు రోడ్డుని కొన్ని గంటలు మూసేసి, ఒక్కో కారుని నిమిషానికో రెండు నిమిషాలకో ఒకటి చొప్పున వదులుతారు. ఆ మూసిన ముక్క పేరు స్పెషల్ స్టేజ్. ఒక స్టేజికీ ఇంకో స్టేజికీ మధ్య తెరిచి ఉన్న రోడ్డు మీద, అందరిలాగే ట్రాఫిక్ నియమాలు పాటిస్తూ వెళ్లాలి. ఎవరి గడియారంతో వాళ్లకే పోటీ. రోడ్డు ముందు తెలిసి ఉండదు కాబట్టి పోటీకి ఒకటి రెండు రోజుల ముందు రెక్కీ చేయనిస్తారు. మామూలు కారులో, అనుమతించిన వేగంలో, సాధారణంగా ఒక్కో స్టేజి మీద రెండేసి సార్లు తిరగొచ్చు. మొదటిసారి డ్రైవరు చెబుతాడు, పక్కవాడు రాసుకుంటాడు. రెండోసారి పక్కవాడు చదువుతాడు, డ్రైవరు సరిదిద్దుతాడు. పేస్ నోట్స్ అనే ఆ రాతే కో-డ్రైవరు పెట్టుబడి.

ఒక్క వాక్యాన్ని దగ్గరగా చూస్తే ఇది ఎలాంటి భాషో తెలుస్తుంది. పొట్టంగి చుట్టుపక్కల ఏ కొండ రోడ్డునైనా మనసులో పెట్టుకుని, తెలుగులో రాసినట్టు ఊహించుకుందాం: ‘నూరు. కుడి ఐదు, మిట్ట మీదుగా, ఎడమ మూడులోకి, బిగుస్తుంది, కట్ వద్దు.’

నూరు అంటే తర్వాతి మలుపుకి వంద మీటర్లుంది. కుడి ఐదు అంటే కుడివైపు పెద్దగా వేగం తగ్గనక్కర్లేని వంపు. చాలామంది వాడే పద్ధతిలో ఒకటి అన్నిటికన్నా ఇరుకు మలుపు, ఆరు దాదాపు తిన్నని దారి. దీన్నే తిరగేసి వాడేవాళ్లూ ఉన్నారు. మిట్ట మీదుగా అంటే ఆ వంపులోనే రోడ్డు లేచి పడుతుంది, అక్కడ కారు తేలికపడుతుంది, అవతలేముందో కనబడదు. ఎడమ మూడులోకి అంటే రెండు మలుపుల మధ్య కారుని సరిచేసుకునే జాగా లేదు, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లిపోవడమే. బిగుస్తుంది అన్నది అన్నిటికన్నా ప్రాణాంతకమైన మాట. మలుపు మొదట్లో ఉన్నట్టు చివర ఉండదు, మూడుగా మొదలై రెండుగా ముగుస్తుంది. కట్ వద్దు అంటే లోపలి అంచుకి చక్రం ఆనించకూడదు, అక్కడ కల్వర్టు గోడో, రాళ్ల కుప్పో ఉంది.

ఇప్పుడు కాలం లెక్క చూడండి. గంటకి 90 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకి 25 మీటర్లు పోతుంది. పై వాక్యం గబగబా చదివినా నాలుగు సెకన్లు పడుతుంది. నాలుగు సెకన్లలో కారు సరిగ్గా ఆ వంద మీటర్లూ దాటేసి ఉంటుంది. అంటే చదవడం పూర్తయ్యేసరికి మలుపు ముంచుకొచ్చేసింది. కాబట్టి కారు వెనకటి మలుపులో ఇంకా జారుతుండగానే ఈ వాక్యం మొదలవ్వాలి. డ్రైవరు ఒక మలుపులో ఉంటే కో-డ్రైవరు నోరు తర్వాతి మలుపులో, కన్ను ఆ పై మలుపులో ఉంటాయి. మరీ ముందు చదివితే డ్రైవరు మరిచిపోతాడు, ఆలస్యం చేస్తే బ్రేకుకి జాగా ఉండదు. ఎంత ముందు చదవాలన్నది డ్రైవరు డ్రైవరుకీ మారుతుంది. ఒకే మనిషితో ఏళ్ల తరబడి కూర్చున్న కో-డ్రైవరుకి అంత విలువ అందుకే. ఫ్రాన్సు డ్రైవరు సెబాస్టియన్ లోబ్ 2004 నుంచి 2012 దాకా వరసగా 9 ప్రపంచ టైటిళ్లు గెలిచినప్పుడు తొమ్మిదింటిలోనూ పక్కనున్నవాడు డానియెల్ ఎలెనా ఒక్కడే. ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో కో-డ్రైవర్లకి వేరుగా టైటిల్ ఇవ్వడం మర్యాదకి ఇచ్చేది కాదు.

మరి తల దించుకుని చదువుతున్నవాడికి కారు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? అప్పుడప్పుడు ఒక్క చూపు పైకి వెళ్తుంది. మిగతాదంతా నడుము చెబుతుంది. ఒళ్లు కుడికి ఒరిగింది, అంటే ఎడమ మలుపు వచ్చింది. ఒళ్లు బరువు తగ్గింది, అంటే మిట్ట దాటింది. పుస్తకంలో రాసినదీ సీటు చెప్పినదీ ఒకటే అయితే వేలు కిందికి జరుగుతుంది. కాకపోతే ఎక్కడో ఒక పేజీ జారిందన్న మాట. రెండు పేజీలు కలిసి తిరిగిపోవడం ఈ పనిలో ఎవరికైనా ఎదురయ్యే పీడకల. అప్పుడు కో-డ్రైవరు దాచకుండా వెంటనే ‘నోట్స్ పోయాయి’ అని చెప్పేయాలి. తప్పు నోటు చదవడం కన్నా ఏమీ చదవకపోవడం మేలు. డ్రైవరు కాసేపు కంటికి కనబడినంత మేరకే వేగం తగ్గించి నడుపుతాడు.

ఇక్కడే వికారం సంగతి తేలుతుంది. ఏ ఊపు ఎప్పుడు రాబోతోందో ఆ పుస్తకమే అతనికి ముందు చెబుతోంది. బస్సులో ప్రయాణికుడికి లేని అరక్షణాన్ని కో-డ్రైవరు తన చేతిరాతలోంచి సంపాదించుకుంటున్నాడు. స్టీరింగ్ లేకపోయినా డ్రైవరులాగే ముందే సిద్ధమవుతున్నాడు. ఇదొక్కటే కారణమని కాదు. అలవాటూ కావాలి, తేలిక తిండి కావాలి, కొందరు మాత్రలూ వేసుకుంటారు. అల్లం నమిలితే కొందరికి ఉపశమనం ఉంటుంది. అల్లానికి పేరుపడిన కుందిలి సంత ఈ ఘాట్ పైనే ఉంది, సాలూరు వైపు దిగే బళ్లలో ఎన్నో బస్తాలు అక్కడివే. అయినా పని ఉన్నవాడికి తిప్పదన్నది చిన్న విషయం కాదు. ఘాట్‌లో పిల్లలకి ‘ముందుకి చూడు, వచ్చే మలుపు ఎటో చెప్పు’ అని ఆట పెట్టే తల్లిదండ్రులు తెలిసో తెలియకో సరైన మందే ఇస్తున్నారు.

ఎడమ సీటు పని మన ప్రాంతానికి కొత్తదీ కాదు. సాలూరు లారీల ఊరు. అక్కడి లారీలు పాత 43వ నంబరు, ఇప్పటి 26వ నంబరు జాతీయ రహదారి మీద పొట్టంగి, సిమిలిగుడ, కొరాపుట్, జయపురం మీదుగా తరాలుగా తిరుగుతున్నాయి. ఆ లారీల్లో ఎడమ సీటు క్లీనరుది. ఇంట్లో తెలుగు, చెక్‌పోస్టు దగ్గర ఒడియా, సంతలో దేశియా మాట్లాడే కుర్రాడు. కొరాపుట్ పట్టణం సముద్రమట్టానికి 870 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది, సాలూరు కింద మైదానంలో ఉంది. ఆ ఎత్తంతా లోడు బండితో దిగాలి. సుంకి దగ్గర దిగువ మొదలవగానే క్లీనరు పని ఎలా ఉంటుందో చూడండి. ఎడమ తలుపు అద్దం దించి నడుం దాకా బయటికి వంగుతాడు. లోయ వైపు మలుపుల్లో కింద ఉన్న రోడ్డు ముక్క డ్రైవరుకి కనబడదు, క్లీనరుకి కనబడుతుంది. ‘గురువుగారూ, రెండు బళ్లెక్కుతున్నాయి, ఎనకాలది బస్సు’ అంటాడు. డ్రైవరు మారుమాట్లాడడు. రెండో గేరులోనే ఉంచి, మలుపుకి ముందే కాస్త వెడల్పు చోట లారీని కొండవైపు ఆనించి ఆగుతాడు. ముందున్న లారీ వెళ్తుంది, బస్సు వెళ్తుంది. క్లీనరు అరచేత్తో తలుపు మీద చరుస్తాడు, బండి కదులుతుంది. కింద పి.కోనవలసలో ఆపినప్పుడు చక్రం కింద చెక్క దిమ్మ పెట్టి, నాలుగు హబ్బుల దగ్గరా చెయ్యి చాపి వేడి చూస్తాడు. ఒకటి మిగతావాటికన్నా ఎక్కువ కాలుతుంటే అక్కడ బ్రేకు లైనరు పట్టేసిందని అర్థం.

కనబడని మలుపుని చూసి చెప్పడం, చెప్పినదాన్ని నమ్మి బండి నడపడం, అదంతా రెండు మూడు మాటల్లో అయిపోవడం. పేస్ నోట్స్ అనే పేరు లేదు గానీ పని అదే. తేడా ఒక్కటే. క్లీనరు కళ్లెదుట ఉన్నదాన్ని చూసి చెబుతాడు, కో-డ్రైవరు మొన్న చూసి రాసుకున్నదాన్ని చెబుతాడు. నాలుగైదేళ్లు ఎడమ సీట్లో కూర్చుని ఆ తర్వాత స్టీరింగ్ పట్టిన క్లీనరుకి ఘాట్ మొత్తం నోటికొచ్చి ఉంటుంది. ఎక్కడ బిగుస్తుందో, వానాకాలంలో ఎక్కడ మట్టి జారుతుందో అతనికి ఏ పుస్తకమూ చెప్పనక్కర్లేదు. ఖర్చు తగ్గించుకోవడానికి క్లీనరు లేకుండా ఘాట్ దిగుతున్న లారీలు ఇప్పుడు ఎన్నో కనబడుతున్నాయి. ఇది మంచికి కాదు. జీతం మిగిలింది గానీ ఎడమవైపు కన్ను పోయింది.

భాష గురించి కూడా ఒక మాట. ఫిన్లండు జట్లు ఫిన్నిష్‌లో, ఫ్రాన్సు జట్లు ఫ్రెంచిలో నోట్స్ చదువుకుంటాయి. కంగారులో మెదడుకి సొంత భాషే ముందు అందుతుంది. తెలుగులో చదివితే? ఎడమ, కుడి అన్నవి రెండు పొట్టి మాటలు, ఎంత హోరులోనూ ఒకటి అంటే ఇంకోటిలా వినబడవు. ఎద్దుబండి కాలంలో దాపల, వలపల అనేవారు. అవి పొడుగు, పైగా చివర రెండూ ఒకేలా మోగుతాయి, ఈ పనికి రావు. అంకెల్లో ఒకటి, రెండు, మూడు, నాలుగు బాగానే ఉన్నాయి. చిక్కంతా ఐదు, ఆరు దగ్గరే. రెండూ అచ్చుతో మొదలై ఉకారంతో ముగుస్తాయి. ఇంజిను హోరులో కలిసిపోయే ప్రమాదం ఉంది, అదీ వేగం అన్నిటికన్నా ఎక్కువ ఉండే చోట. ఆరు బదులు ‘ఫుల్’ అనుకుంటే సరిపోతుంది. జయపురం, రాయగడల్లో ఎవరైనా కుర్రాళ్లు తెలుగులో నోట్స్ రాసుకోవాలనుకుంటే అంతకు మించి మార్చాల్సింది పెద్దగా లేదు.

సీటు దగ్గరికి వద్దాం. పోటీలో జట్టు ఇద్దరే ఉంటారు. అభ్యాసాల్లోనూ ప్రదర్శనల్లోనూ అతిథిని పక్కన కూర్చోబెట్టి తిప్పడం మాత్రం ఉంది. అలా మొదటిసారి కూర్చునేవాళ్లకి ఎదురయ్యే మొదటి సంగతి, కదలడానికి వీల్లేకపోవడం. డొప్పలాంటి సీటు, భుజాల మీంచీ నడుం చుట్టూ తొడల మధ్య నుంచీ వచ్చే ఆరు పట్టీల బెల్టు, నిప్పంటని దుస్తులు, హెల్మెట్, హెల్మెట్‌ని మెడ వెనక పట్టివుంచే హాన్స్ అనే కవచం. కారు ఒక్కసారిగా ఆగినప్పుడు ఒళ్లు బెల్టులో ఆగిపోతుంది గానీ తల ముందుకి దూసుకుపోతుంది. ఆ జోరుని మెడ మీద పడనివ్వకుండా పంచుకోవడమే హాన్స్ పని. చుట్టూ ఉక్కు గొట్టాల పంజరం ఉంటుంది. చేతులు బెల్టు పట్టీల మీద పెట్టుకోవాలి, హ్యాండ్‌బ్రేక్ దరిదాపుల్లో ఉండకూడదు. కాళ్లు ముందున్న పలక మీద ఆనించాలి, తల సీటుకి ఆనించి ఉంచాలి.

రెండో సంగతి, రోడ్డు ముందు అద్దంలో కనబడకపోవడం. వదులు మట్టి మీద స్టీరింగ్ తిప్పినంత మాత్రాన కారు తిరగదు, ముక్కు సూటిగా జారిపోతుంది. అందుకని డ్రైవరు ముందు బరువుని కదిలిస్తాడు. యాక్సిలరేటర్ వదిలి బ్రేకు తాకగానే బరువు ముందు చక్రాల మీదికి వస్తుంది, వెనక తేలికపడి బయటికి జారడం మొదలుపెడుతుంది. ఇరుకు మలుపైతే ముందు ఎదురు దిక్కుకి ఒక్క విసురు విసిరి, ఆ ఊపు వెనక్కి వచ్చేటప్పుడు దానితోపాటే కారుని మలుపులోకి తిప్పుతాడు. ఫిన్లండు, స్వీడన్ వైపు పుట్టిన ఎత్తు కాబట్టి స్కాండినేవియన్ ఫ్లిక్ అంటారు. ఎడమ సీట్లో ఉన్నవాడికి ఇదంతా తప్పుగా తోస్తుంది. మలుపు ఎడమకైతే కారు కుడికి ఎందుకు వెళ్తోందని గుండె ఆగినంత పని అవుతుంది. మరుక్షణం పక్క కిటికీలోంచి రోడ్డు ఎదురవుతుంది. కారు అడ్డంగా ఉండగానే డ్రైవరు మళ్లీ యాక్సిలరేటర్ తొక్కేస్తాడు. నోట్స్ తెలియని అతిథికి ప్రతి మలుపూ ప్రమాదంలాగే ఉంటుంది. ఇంటర్‌కమ్‌లో మలుపులు ముందే చెబుతుంటే అదే అతిథి అంత బిగుసుకుపోడు.

నమ్మకం అనే మాట ఈ ఆటలో ఊరికే వాడేది కాదు. 1986 మే 2న కోర్సికా ర్యాలీలో లాన్సియా డెల్టా ఎస్4 కారు లోయలోకి పడి మంటల్లో చిక్కుకుంటే హెన్రి టోయివోనెన్‌తో పాటు కో-డ్రైవర్ సెర్జియో క్రెస్టో కూడా చనిపోయాడు. అంతులేని బలం ఉన్న గ్రూప్ బి కార్ల కథ ఆ ఏడాదితో ముగిసింది. 2005 సెప్టెంబరు 18న వేల్స్ ర్యాలీలో ప్యూజో కారు చెట్టుకి గుద్దుకుంది. దెబ్బ పడింది కో-డ్రైవర్ వైపు. మైకేల్ పార్క్ మరణించాడు, డ్రైవర్ మార్కో మార్టిన్ బతికాడు. ఆ రోజు ఆధిక్యంలో ఉన్న లోబ్ గెలిస్తే ప్రపంచ టైటిల్ అక్కడే ఖాయమయ్యేది. అలాంటి రోజున టైటిల్ అందుకోవడం ఇష్టం లేక కావాలనే రెండు నిమిషాల పెనాల్టీ మీద వేసుకున్నాడు.

పెనాల్టీ దాకా వచ్చింది కాబట్టి చెప్పాల్సింది ఇంకోటుంది. కో-డ్రైవరు చేతిలో నోట్స్‌తో పాటు టైమ్ కార్డు కూడా ఉంటుంది. దారిలో సమయం రాసిచ్చే చోట్లని కంట్రోల్ అంటారు, ప్రతి కంట్రోల్ దగ్గరికీ చెప్పిన నిమిషానికే చేరాలి. ప్రపంచ స్థాయిలో ఆలస్యమైన ప్రతి నిమిషానికీ 10 సెకన్లు కలుస్తాయి, ముందు వస్తే ప్రతి నిమిషానికీ ఏకంగా నిమిషం కలుస్తుంది. స్టేజిలో ప్రాణాలకి తెగించి మిగుల్చుకున్న సెకన్లని ఇక్కడ ఒక్క తప్పు లెక్క మింగేస్తుంది. కారు ఆగిపోయినా, బోల్తా కొట్టినా ముందు కదలాల్సింది కూడా అతనే. ఎర్ర త్రికోణం కనీసం 50 మీటర్ల వెనక పెట్టాలి, వచ్చే కార్లకి ‘ఓకే’ బోర్డో, వైద్యం కావాలంటే ఎర్ర ‘ఎస్ఓఎస్’ బోర్డో చూపించాలి.

మన దేశంలో ఈ పనికి పెద్ద పేరు మూసా షరీఫ్. కేరళలోని కాసర్‌గోడ్ మనిషి. గౌరవ్ గిల్ పక్కన కూర్చుని జాతీయ టైటిళ్లు గెలిచాడు. గిల్ 2013, 2016, 2017ల్లో ఆసియా పసిఫిక్ విజేత, 2019లో అర్జున అవార్డు అందుకున్నాడు. చిక్కమగళూరు కాఫీ తోటల మట్టి దారులు జాతీయ ర్యాలీకి పాత నేస్తాలు. కొరాపుట్‌లోనూ కాఫీ తోటలున్నాయి, ఎర్రమట్టి దారులూ ఉన్నాయి కాబట్టి ఇక్కడి కుర్రాళ్లకి ఆశ పుట్టడం సహజం.

ఆ ఆశ ఎటు పోతోందన్నదే దిగులు. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం, 1672 మీటర్ల దేవమాలి. దాని మీదికి వెళ్లే రోడ్డు లాంటి కొండ దారుల్లో అద్దె కార్లతో చక్రాలు జార్చి వీడియోలు తీసుకోవడం ఒక సరదా అయింది. పక్క సీట్లో కూర్చున్న స్నేహితుడి చేతిలో నోట్స్ ఉండవు, ఫోను ఉంటుంది. అతను మలుపు అవతల ఏముందో చెప్పడం లేదు, వెనకటి మలుపుని తీస్తున్నాడు. ఆ దారుల్లో నెత్తిన గంపలతో సంతకి నడిచే ఆడవాళ్లుంటారు, మేకలుంటాయి, బడికి పోయే పిల్లలుంటారు. మూసిన దారిలో, ఇంత సరంజామాతో, ఇంతమంది కాపలాతో జరిగే పోటీల్లోనే అనర్థాలు తప్పడం లేదు. 2019 సెప్టెంబరులో రాజస్థాన్‌లోని బాడ్‌మేర్ జిల్లాలో జాతీయ ర్యాలీ జరుగుతుండగా, స్టేజి మీదికి వచ్చేసిన బైకుని కారు ఢీకొని ఒకే కుటుంబంలో ముగ్గురు చనిపోయారు. మూయని దారిలో అలాంటి వేగానికి ర్యాలీ అన్న పేరు పెట్టడం ఆ ఆటకే అవమానం.

నేర్చుకోవాలనుకునేవాళ్లకి వేరే దారి ఉంది. కాలం, వేగం, దూరం లెక్కల మీద నడిచే టీఎస్‌డీ ర్యాలీలు మన దేశంలో చాలాకాలంగా జరుగుతున్నాయి. తెరిచిన రోడ్డు మీద, వేగ పరిమితిలోనే, చెప్పిన సగటు వేగాన్ని తప్పకుండా నడపడమే పోటీ. ముందు వచ్చినా తప్పే, వెనకబడినా తప్పే. మామూలు కారు చాలు, రోడ్ బుక్కూ గడియారమూ లెక్కా ఉంటే చాలు. గెలుపోటములు దాదాపు పూర్తిగా ఎడమ సీటు చేతిలోనే ఉంటాయి. ఆడవాళ్లకీ ఇది మూసిన తలుపు కాదు. 1981లో సాన్ రెమోలో ఆడి క్వాట్రో కారు నడిపి, ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఒక ర్యాలీ గెలిచిన తొలి మహిళ మిషెల్ మూటన్ పక్కన నోట్స్ చదివింది ఫాబ్రిజియా పోన్స్.

స్టేజి ముగింపు గీత దగ్గర కారు ఆగదు. పూర్తి వేగంలోనే గీత దాటుతుంది, ఆగాల్సిన చోటు ఇంకా కొన్ని వందల మీటర్ల అవతల ఉంటుంది. ఆ మధ్యలోనూ మలుపు ఉండొచ్చు. డ్రైవరు ఊపిరి వదిలేస్తాడు గానీ కో-డ్రైవరు చదవడం ఆపడు. ‘ముగింపు. ఎనభై, కుడి మూడు, స్టాప్.’ బండి ఆగుతుంది, దుమ్ము వెనకనుంచి వచ్చి కారుని దాటిపోతుంది. అతను అద్దం దించి కార్డు అందిస్తాడు, రాసిచ్చిన సమయాన్ని తన గడియారంతో సరిచూసుకుంటాడు, తర్వాతి కంట్రోల్‌కి ఏ నిమిషానికి చేరాలో కూడుకుని పేజీ మూల మీద రాసుకుంటాడు. హెల్మెట్ తీసేది ఆ తర్వాతే.